హైదరాబాదు నగరపు కట్టడములు – నాడును నేడును

తీర్థయాత్రకు బోయిన చోట గోపురమును తల యెత్తి చూచి చేతులు మోడ్చు మనము, నిత్యము కాపురముండు పట్టణమున తల యెత్తి చూచుట మిక్కిలి యరుదు. బజారునకు బోవునపుడు మన చూపు కూరల సంచి మీదను, పిల్లల చేతుల మీదను, ఎదురుగ వచ్చు బండ్ల మీదను నుండును. అందుచేత ఊరి రూపము ఏటేట మారిపోవుచున్నను గమనింపక, ఒకనాడు హఠాత్తుగ చూచి, ‘ఈ మేడ యెప్పుడు లేచినది? ఇచ్చటి పాత యిల్లేమైనది?’ అని యాశ్చర్యపడుదుము. ఇల్లు కట్టుట పురుషుల పని, దిద్దుకొనుట స్త్రీల పని యనుకొను కాలము గతించినది. ఏ గోడ చెమ్మగిల్లునో, ఏ గదిలో గాలి యాడదో, ఏ వీధిలో పొద్దుపోయిన తరువాత ఆడుపిల్ల నిర్భయముగ నడువగలదో మనకు తెలిసినంత యితరులకు తెలియదు. కావున పట్టణమెట్లు పెరుగుచున్నదో పరికించుట మన పనియే.

హైదరాబాదు విషయమున ఒక సౌకర్యము కలదు. చార్మినారు నొద్ద బయలుదేరి, మూసీనది దాటి, కోఠి మీదుగ పడమట నున్న హైటెక్ సిటీకి పోయినచో, నాలుగు వందల యేండ్లకు మించిన కాలమును ఒక్క దినములో వరుసగ చూడవచ్చును. గడచిన వేసవి సెలవులలో మా వారు, అత్తగారు, ఇద్దరు కొమార్తెలతో గూడి మే మీ ప్రయాణము చేసితిమి.

ఇది మాకు వినోదమునకు మాత్రమే చేసిన ప్రయాణము గాదు. సుల్తాను బజారు వెనుక సందులో, మేము పదునాలుగేండ్లుగ అద్దెకున్న పాత యింటిని దాని సొంతదారులు బిల్డరున కిచ్చుటకు నిశ్చయించిరి. నడుమ వాకిలియు, చేదబావియు, నాలుగు వైపుల వసారాలును గల యిల్లది. వా రన్నదమ్ములు నలుగురు, ఇల్లొక్కటి. మే మిచ్చు అద్దె పైకప్పు మరమ్మతునకైనను చాలదు. వారిని తప్పుపట్ట మాకు నోరు రాలేదు. అయినను, ఈ నగరమున మరియొక గూడు వెదకుకొనుటకు ముందు నగరము నంతయు నొకసారి కన్నులార చూడవలెనని మా కందరకు తోచినది.

చార్మినారును 1591లో, గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబుషా కట్టించెను. నాలుగు రాజవీధుల కూడలిలో, నూట యేబది యడుగులకు మించిన నాలుగు మినారులతో నిది నిలిచియున్నది. ఉత్తరమున కొలది దూరములో నాలుగు కమానులు కలవు. దానికి నైరుతి దిక్కున నున్న మక్కా మసీదు 1617లో నారంభింపబడి 1694లో ముగిసినది. ఆ కాలమున ఊరిలో నెత్తైనవి ప్రార్థన మందిరములును, నలుగురు నడచు ద్వారములును మాత్రమే. ధనవంతుల యిండ్లు ఎత్తునకు గాక వైశాల్యమునకు పెరిగెను. వానిని దేవిడీలందురు. వీథినుండి చూచినచో పెద్ద తలుపును, పొడవైన గోడయు తప్ప మరేమియు కానరాదు. లోపల వాకిలి వెనుక వాకిలి, తోటలు, నీటి తొట్లు, అన్నిటికిని వెనుక జనానా. అచ్చటి స్త్రీలకు ఆకాశము కనబడును గాని వీథి కనబడదు. పాత యిండ్ల యందమును మెచ్చుకొనునపుడు ఈ మాటను మరువరాదు.

ఆ దేవిడీలలో ననేకము నేడు లేవు. పంపకములలో ముక్కలై, ముక్కలు దుకాణములై, దుకాణములు మేడలైనవి. చార్మినారునకు సమీపముననే యున్న చౌమహల్లా ప్రాసాదము మాత్రము వేరు గతి నొందినది. అదియు చిరకాలము మూతవడి శిథిలమగుచుండగా, ఎస్రా యువరాణి పూనికతో బాగుచేయబడి, 2005లో ప్రజలు చూచుటకు తెరువబడినది. 2010లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ పురస్కారమును బడసినది. టిక్కెట్టు కొన్న ప్రతివారును నేడు ఆ దర్బారులో నిలువవచ్చును. దక్షిణమున గుట్టమీద నున్న ఫలక్‌నుమా ప్రాసాదమును నిలిచినదే. అది 2010 మొదలు గొప్పవారి హోటలు. నిలుచుట యొక మేలు, అందరకు తెరచియుండుట మరియొక మేలు. రెండును ఒక్కచోట దొరకుట భాగ్యము.

అచ్చటనుండి పత్థర్‌గట్టీ రాతి కమానుల క్రింద నడచి నయాపూలు చేరితిమి. మూసీనది నేడు మురికికాలువవలె పారుచున్నది. అత్తగారు కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని, “గీ నదేనా బిడ్డా, ఊరు ముంచింది?” అని యడిగిరి. ఈ నదియే 1908 సెప్టెంబరు 28న పొంగి వేలకొలది జనమును పొట్టబెట్టుకొన్నది. ఆ రాత్రి నది యొడ్డున నున్న చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నేటికిని కలదు. మా చిన్నది దానిని కౌగిలించుకొని, తన చేతులు సగమునకైనను చాలలేదని చెప్పినది.

హైదరాబాదు రూపమును మార్చినది ఏ రాజాజ్ఞ కంటెను ఈ వరదయే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు రప్పింపబడిరి. ఎగువ నానకట్టలు కట్టవలెనని వారు చెప్పిన యుపాయము ననుసరించి 1920లో ఉస్మాను సాగరును, 1927లో హిమాయతు సాగరును సిద్ధమైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకు సందులను వెడల్పు చేయించెను. నది కిరుప్రక్కల తోటలు, హైకోర్టు, సిటీ కాలేజి, ఆసుపత్రి లేచినవి. వీనిలో ముఖ్యమైన వానికి రూపము కల్పించినది విన్సెంటు ఎష్ అను నింగ్లీషు శిల్పి. ఆయన మన దేశపు గుమ్మటములను, కమానులను, ఛత్రములను శ్రద్ధగ చూచి, వానితోనే క్రొత్త కాలపు కచ్చేరీలను, వైద్యశాలలను తీర్చెను. రాజుల యంతఃపురములకు మాత్రమే తగు ననుకొన్న గుమ్మటముల క్రింద బీదరోగి పరుండగలిగెను. ఎత్తైన కట్టడము సర్వజనుల యుపయోగమునకై లేచుట ఈ నగరమున అప్పుడు చక్కగ కనబడినది.

కాని ఆ యాసుపత్రిని చూచి మాకు మనసు కలగినది. పెచ్చులూడిన గోడలు, గచ్చు పగుళ్లలో మొలచిన రావిమొక్కలు. మరమ్మతులు యేండ్ల తరబడి వెనుకబడగా, 2020 జూలై వానలకు వార్డులలోనికి నీరు వచ్చినది. ఆ నెలలోనే పాత భవనమునుండి రోగులను తరలించి తలుపులు మూసిరి. గోషామహలులో క్రొత్త యాసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది. రోగులకు క్రొత్త వసతి యవసరమే, అందుకు కాదనువారుండరు. అయితే ఈ పాత భవనమున కేమి పని కల్పింతురు? ఆ పనియే దాని యాయువును నిర్ణయించును.

ఇచ్చట నొక గృహిణీ రహస్యము చెప్పవలసియున్నది. పాత గోడలు డంగుసున్నముతో కట్టినవి. సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల గాలికి వదలును. ఒక విధముగ నది శ్వాసించును. దానిపై సిమెంటు పూసినచో లోపలి చెమ్మ బయటికి రాలేక గోడను లోలోపల తినివేయును. బాగుచేయుదు మనుకొని పాడుచేయుట యిట్లే జరుగును. పాత యిల్లు గల సోదరీమణులు మేస్త్రీని పిలుచునపుడు, సున్నముతో పని తెలిసినవాడా యని ముందుగ నడుగవలెను.

నది దాటి కోఠి చేరినంతనే మా పెద్దదాని ముఖము వికసించినది; అది చదువుకొనుచున్న చోటది. పందొమ్మిదవ శతాబ్దారంభమున, బ్రిటిషు రెసిడెంటు జేమ్సు కిర్కుపాట్రికు కాలమున కట్టబడిన రెసిడెన్సీ భవన మచ్చట కలదు. ఎత్తైన స్తంభములు, విశాలమైన మెట్లు, మెట్ల కిరుప్రక్కల సింహములు. నిజాము దర్బారును శాసించిన దొర లచ్చట నుండెడివారు. 1857 జూలై 17న తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను మొదలగువారు ఈ భవనముపైననే దాడి వెడలిరి. దొరలు వెడలిపోయిన తరువాత ఆ భవనము పాడువడవలసినదే. కాని 1924లో స్థాపింపబడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ యావరణమునకు వచ్చినది. అధికారము వెలసిన మెట్లమీద ఆడుపిల్లలు పుస్తకములతో కూర్చుండిరి. తరములకొలది విద్యార్థినులు తిరుగాడుటచేతనే ఈ స్థలము జనుల మనసులోనుండి తొలగిపోలేదు. భవన మొకదశలో మిక్కిలి శిథిలమైనను, దానిని విడువరాదని యడుగువారుండిరి. ఇటీవలి సంవత్సరములలో దానిని శ్రద్ధగ బాగుచేసిరి. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. దొర మేడకు, దొరల నెదిరించిన పల్లెటూరి స్త్రీ పేరు! ఇంతకంటె చక్కని మార్పు నగరమున మరియొకటి మేము చూడలేదు.

కోఠికి ప్రక్కనే మా సుల్తాను బజారు. చీరలు, గాజులు, చెప్పులు కొనుటకు వచ్చు స్త్రీలతో నెల్లపుడు క్రిక్కిరిసియుండును. ఇచ్చటనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి యింట నది పుట్టినది. తెలుగు చదువునకు ఆదరము తక్కువైన ఆ దినములలో నొక గృహస్థుడు తన యింటి నిచ్చినందున తెలుగువారి కొక గ్రంథాలయము దొరకినది. ఇప్పుడీ యిరుకు బజారు నడినెత్తిన మెట్రో రైలు పోవుచున్నది. ఆ మార్గము 2020 ఫిబ్రవరి 7న తెరువబడినది. దుకాణదారులు చిరకాలము దాని నెదిరించిరి. స్తంభముల నీడ వీథిమీద పడినమాట నిజము. ఒంటరిగ నుద్యోగమునకు పోవు బాలిక అరగంటలో క్షేమముగ నిల్లు చేరుచున్నమాటయు నిజమే.

మేమును ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో ఆ రైలెక్కితిమి. నేలమీద తిరుగు మనకు కట్టడముల పాదములే కనబడును. మెట్రోనుండి చూచినచో వాని నడుమును, భుజములును కనబడును. ఒకచోట పాత మిద్దెపై ఆరవేసిన వడియములు, దాని ప్రక్క అద్దపు గోడల మేడ. ఒకచోట గుమ్మటము, దాని వెనుక ప్రకటనల పలక. ఎఱ్ఱమంజిల్ స్టేషనునకు ఆ పేరు వచ్చిన మేడ సమీపముననే కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఫక్రుల్ ముల్కు అను నవాబు కట్టించినది. పారసీమున ‘ఇరం’ అనగా స్వర్గవనము; ఆ గుట్టకు గల తెలుగు పేరుతో గలిసి అది జనుల నోట ఎఱ్ఱమంజిల్ అయినదందురు. 2019లో శాసనసభ కట్టుటకై దీనిని పడగొట్ట దలపగా, పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది.

హుసేన్ సాగరు నొద్ద సచివాలయ యావరణములో నున్న సైఫాబాదు ప్రాసాదమున కట్టి యదృష్టము పట్టలేదు. 1888లో కట్టిన ఆ భవనము 2020లో మిగిలిన పాత సచివాలయ భవనములతో పాటు నేలమట్టమైనది. ఆ స్థలమున 265 అడుగుల యెత్తున తెల్లని గుమ్మటములతో లేచిన క్రొత్త సచివాలయము 2023 ఏప్రిల్ 30న ప్రారంభింపబడినది. గుమ్మటములను పడగొట్టి గుమ్మటములను కట్టితిమి. క్రొత్తది ఘనముగనే యున్నది. కాని పాతదానిని చూడవలెనన్న మన పిల్లలకు పటము తప్ప గతిలేదు.

అమీరుపేటలో రైలు మారి, మాదాపురము దాటి హైటెక్ సిటీలో దిగితిమి. ఒకప్పు డచ్చట బండరాళ్లును, సీతాఫలపు పొదలును నుండెడివి. ఆ రాళ్ల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరములు. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఆ గుండ్లను చూచి బాలలు దేవతల యాటలనుకొనెడివారు. చార్మినారుకంటె, గోలకొండకంటె ప్రాచీనమైన యాకాశపు టంచు అవియే. వానిని పగులగొట్టి క్రొత్త నగరమునకు స్థలము చేసికొంటిమి. 1998 నవంబరులో నిచ్చట ప్రారంభమైన సైబరు టవర్సు పదియంతస్తుల వృత్తాకార భవనము. దానిని చూచుటకు ఊరూరినుండి జనము వచ్చిరి. నేడది పెద్దల నడుమ కూర్చున్న పసిబిడ్డవలె నున్నది. 2006లో చేసిన నిబంధనలచే, స్థలమునకు నిన్ని రెట్ల కట్టడమే యుండవలెనను పరిమితి తొలగినది; ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టును విడిచిన ఖాళీని బట్టి ఎత్తు నిర్ణయింపబడును. నేల వెల పెరిగినకొలది మేడ పెరిగినది. కోకాపేట వైపున ఏబది యంతస్తులకు మించిన నివాసములే లేచినవి.

మా వారి పూర్వ విద్యార్థిని యొకతె ఈ ప్రాంతమున పందొమ్మిదవ యంతస్తులో నివసించుచున్నది. ఒక కంప్యూటరు సంస్థలో నుద్యోగము. తన సంపాదనతో తానే ఆ యింటిని కొన్నది. మమ్మందరను భోజనమునకు పిలిచి మిక్కిలి యాదరించినది. ఇల్లు శుభ్రముగ, వెలుతురుగ నున్నది. లిఫ్టు, కావలివారు, క్రింద పిల్లలకు చూచుగది. రాత్రి పదిగంటలకు పని ముగించి వచ్చినను భయము లేదు. అత్తగారు బాల్కనీలో నిలిచి క్రిందికి చూచి, “మన్ను కనవడదు గదా బిడ్డా, తులసమ్మ నేడ వెట్టుకున్నవు?” అని యడిగిరి. ఆమె నవ్వి, కుండీలో నున్న తులసిని చూపి, “మన్ను సంచిల కొనుక్కొచ్చిన అమ్మమ్మా” యనినది. నీటి మాటయు వచ్చినది. కృష్ణా గోదావరుల నీరు దూరమునుండి నగరమునకు వచ్చి, అచ్చటనుండి పంపుతో పందొమ్మిది యంతస్తు లెక్కవలెను. వేసవిలో ట్యాంకరులు తప్పవు. చేదబావియొద్ద మనము బిందెలు లెక్కించుకొనెడివారము. అచ్చట నీటి లెక్క నెలకొకసారి కాగితముపై వచ్చును.

తిరుగు ప్రయాణమున రైలులో మే మందరము చాలసేపు తర్కించుకొంటిమి. పాతవి మంచివనియు, క్రొత్తవి చెడ్డవనియు ననుట తేలిక, సత్యము గాదు. దేవిడీలో వీథిని చూడలేని స్త్రీ, పందొమ్మిదవ యంతస్తులో తన తాళపుచెవితో తన తలుపు తానే తీసుకొనుచున్నది. ఇది చిన్న లాభము గాదు. అయినను పాతవానిలో ఏవి నిలిచినవి, ఏవి కూలినవి యని లెక్కించి చూడగా మా కొక సంగతి స్పష్టమైనది. పొగడ్తచేత ఏ కట్టడమును నిలువలేదు. పని కలిగియుండుటచేతనే నిలిచినది. రెసిడెన్సీకి విద్యార్థినులు దొరకిరి. చౌమహల్లాకు ప్రేక్షకులు దొరకిరి. ఆసుపత్రికి మరమ్మతు తప్పగా రోగులు తప్పిరి. రోగులు తప్పగా గోడలు బెదరినవి. మన వంటింటిలోని రాగిబిందె యింతే. దినదినము తోమి నీరు పట్టునది తళతళలాడును. అటుకపై నెక్కించి దాచినది చిలుము పట్టును. పెండ్లికి దింపి చూచినపుడు అడుగు చిల్లి.

అయితే మా యింటి మాట యేమి? దానిలో పని లేకపోలేదు. అయిదుగుర మందులో వండుకొని తిని యుంటిమి. అది సొంతదారులకు పనికి రాలేదు. కావున నిల్లు నిలువవలె నన్నచో అది నివసించువారికే గాక సొంతదారునకును అక్కరకు రావలెను. పాత యింటిని కాపాడుకొనువారికి పన్నులో తగ్గింపును, మరమ్మతునకు సాయమును లేనిచో, కాపాడుమని యుపన్యాసములు చెప్పుట న్యాయము గాదు. నగరపాలకుల నడుగవలసినది దీనినే.

మేము కాచిగూడలో, చెట్టున్న యావరణము గల మూడంతస్తుల పాత మేడలో క్రింది భాగమును కుదుర్చుకొంటిమి. విడువబోవు నింటికొరకు ఒక్క పని చేసితిమి. సొంతదారుల యనుమతితో మా వారును, వారి తరగతి పిల్లలును ఆ యింటిని టేపుతో కొలిచిరి. మా పిల్లలు ప్రతిగదికి పటము తీసిరి. బావి లోతు, దూలముల సంఖ్య, ఏ వాకిట నే వేళ ఎండ పడునో, పురుడు పోయుగది యేదో, పచ్చళ్ల జాడీలుండు గూడేదో అత్తగారు చెప్పుచుండగా పెద్దది వ్రాసినది. అంతయు నలుబది పుటల పుస్తకమైనది. ఒక ప్రతిని సొంతదారుల కీయగా, వారిలో పెద్దవారు దానిని కన్నుల కద్దుకొనిరి. తమ తల్లి కూర్చుండు చోటు దానిలో వ్రాయబడియున్నదట.

చదువరులగు సోదరీమణులారా! మీ యూరిలోను ఇట్టి యిండ్లుండును. అన్నిటిని నిలుపుట మన చేతిలో లేదు. నిలుపదగిన వానికి పని కల్పింపుడు. పాత బడి, పాత గ్రంథాలయము, పాత మంటపము ఉన్నచో మీ సమాజముల సభల నచ్చటనే జరుపుడు. నిలుపలేనివానిని, గోడలు పడకమునుపే, మీ పెద్దల నడిగి కొలిచి వ్రాసియుంచుడు. ఒక నూలుదారము, ఒక పలక, ఒక మధ్యాహ్నపు తీరిక చాలును.